చెరువుగట్టు ఇంట్లో నేను చేసిన నిద్ర

నాకు కుళ్లు ఎక్కువ. నేనే ఒప్పేసుకుంటే ఇంకొకరు ఎత్తిచూపే పని ఉండదు కదా. పక్కవాళ్ల కొళాయిలో నీళ్లు మాకంటే పది నిమిషాలు ఎక్కువసేపు వస్తే ఆ పూట నాకు అన్నం సహించదు. ఆఫీసులో కొత్తగా వచ్చిన ఆమెకు కిటికీ పక్క సీటు ఇచ్చారని ఆర్నెల్లపాటు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను. అయితే ఇవన్నీ వచ్చి పోయేవి. లోపల బాసింపట్టు వేసుకుని కూర్చున్నది ఒక్కటే. అది మా చెల్లెలి మీద కుళ్లు.

మేం తెలుగు మాట్లాడే సాయిబులం. ఇంట్లో అమ్మ, నాన్న, అక్క అనే పిలుచుకుంటాం, ఉర్దూ నాలుగు ముక్కలు వస్తే గొప్ప. మా నాన్న బేతంచెర్ల గనుల్లో నాపరాయి కొట్టే కూలి. నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. అప్పటికి చెల్లెలికి రెండేళ్లు. దానికి అన్నం కలిపి పెట్టింది నేను, తల దువ్వింది నేను, బడికి చేయి పట్టుకుని తీసుకుపోయింది నేను. అంత చేసి పెంచిన పిల్ల సుఖపడుతుంటే ఎవరైనా సంతోషిస్తారు. నేనూ సంతోషించాను, దాని పెళ్లయిన కొత్తలో, ఒక రెండు నెలలు.

ఆ తర్వాత మా మరిది పైకి రావడం మొదలుపెట్టాడు. లారీలకు బండలెత్తే మనిషి చూస్తుండగానే సొంతంగా పాలిష్ ఫ్యాక్టరీ పెట్టాడు. పోనీ చెడ్డవాడా అంటే అదీ కాదు. చెడ్డవాడైతే నాకు ఎంత హాయిగా ఉండేదో. తాగడు, గొంతు పెంచడు, నేను వెళ్తే లేచి నిలబడి కుర్చీ తుడిచి వేస్తాడు. తిట్టుకోవడానికి ఒక్క సందు కూడా ఇవ్వని మనిషిని భరించడం చాలా కష్టం.

మరి నేనో. కష్టపడి చదివి, పరీక్ష రాసి, కడపలో ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తానయ్యాను. మా ఆయన ఆటో తోలుతాడు. మేడ మీద అద్దె పోర్షన్ మాది. ఎండాకాలంలో పొద్దుగూకిన తర్వాత కూడా గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమంటుంది. చదువుకున్నది నేను, చల్లగా ఉన్నది అది. ఈ లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, రెండు దినాలు లీవు పెట్టి రా. చెరువు కాడ ఊర్లో సంబరాలు జరుగుతాండాయి, పోదాం. శానా బాగుంటాదంట."

బేతంచెర్ల నుంచి ఎర్రమల కొండల్లోకి గంటకు పైగా పోతే మూడు వైపులా కొండలు, నడుమ చెరువు ఉన్న ఆ ఊరు వస్తుంది. పేరు చెప్పను. చెబితే మీరందరూ వచ్చి ఇళ్లు కొనేస్తారు, అప్పుడు మీ మీద కూడా కుళ్లు పుడుతుంది నాకు. మా సీమలో ఎండాకాలంలో కూడా నీళ్లు నిండుగా కనబడే చోటు అంటేనే సగం అసూయ. మరిది బండిలోనే పోయాం. దిగి ఆ నీళ్లు చూడగానే, ఈ ఊరివాళ్లు ఏం పుణ్యం చేసుకున్నారో అనుకున్నాను. అంతమంది మీద ఒకేసారి కుళ్లుకోవడం నాకు కూడా కొత్త.

ఎండలకు గనుల్లో పని మధ్యాహ్నానికే నిలిచిపోతుంది. బయటి ఊళ్లలో ఉన్నవాళ్లు పిల్లల సెలవులకని వస్తారు. అందరూ ఊళ్లో ఉండే రోజులు అవే కాబట్టి పది రోజులు సంబరాలు పెట్టుకుంటారు. పొద్దున్నే బండలాగుడు పందెం. పెద్ద బండకు గొలుసు కట్టి ఎద్దుల చేత లాగిస్తారు. ఎండెక్కేసరికి అందరూ చింతచెట్ల కిందికి చేరి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటారు. సాయంత్రం మగపిల్లలకు ఈత పందెం, ఆడవాళ్లకు ముగ్గులు, దీపాలు పెట్టే వేళకు చెక్కభజన.

ఆ ఊరి పద్ధతి ఇంకొకటి నాకు భలే నచ్చింది. అమ్మకానికున్న ఇళ్లకు ఆ పది రోజులూ తలుపులు బార్లా తీసిపెడతారు. ఎవరైనా పోయి చూడవచ్చు, కాసేపు కూర్చోవచ్చు, కుండలో నీళ్లు తాగి రావచ్చు. పందెం గురించి చెప్పే మైకాయనే ఇళ్ల గురించి కూడా చెబుతాడు.

"ఈ జత ఎద్దులు బండను ఆ చివర దాకా లాక్కపోయినాయి, చప్పట్లు కొట్టండప్పా. చెరువుగట్టు మీద రెండు గదుల మిద్దె, తూర్పు వాకిలి, ముందర యాపచెట్టు ఉండాది, చూసేవాళ్లు పోయి చూసుకోండి."

ఎద్దులకూ ఇంటికీ ఒకే గొంతు, ఒకే ఊపిరి. నేను నవ్వుకుంటూ, ఊరికే కాళ్లు సాగినట్టుంటుందని, గట్టు మీది ఆ ఇంటికి పోయాను. ఇంటాయన కర్నూలులో పని దొరికి అక్కడే ఉండిపోయాడట. పక్కింటామె నన్ను చూసి, "పో అమ్మా, లోపలికి పోయి చూడు" అని తన పనిలో తాను పడిపోయింది.

చెప్పులు విడిచి లోపల కాలు పెట్టాను. కింద నాపరాయి, నడిచి నడిచి నునుపుదేలిన రాయి. ఆ చల్లదనం అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా ఎక్కింది. వెనక తలుపు తీస్తే నాలుగు మెట్లు, మెట్ల కింద నీళ్లు. అటు నుంచి వచ్చే గాలి రెండు గదులూ తిరిగి ముందు వాకిలి గుండా పోతోంది. నేను ఆ గాలికి అడ్డంగా నిలబడ్డాను. బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో, మా ఆయన మంచం ఎటు తిప్పి వేయాలో, దండెం ఎక్కడ కట్టాలో అంతా సర్దేసుకున్నాను. కొనే తాహతు లేదని తెలుసు. అయినా అంత ఆశ పుట్టింది. ఆ ఇంట్లో ఉన్న పావుగంటా నేను ఎవరి మీదా కుళ్లుకోలేదు.

"బాగుండాది కదక్కా," అని వెనక నుంచి చెల్లెలి గొంతు. "పోయిన వారమే చూసిపోయినాం. తీసుకుందామనుకుంటాండాం."

అంటే నన్ను సంబరాలకు పిలవలేదు, ఇల్లు చూపించడానికి పిలిచింది. నా బియ్యం డబ్బా పెట్టిన చోట నిలబడి అది చుట్టూ చూస్తోంది.

"నీళ్ల తట్టు ఉండే గది నీకే అక్కా. ఎండాకాలం వస్తే ఈడికి వచ్చేయి. ఎన్ని దినాలైనా ఉండు."

ఎంత ప్రేమగా అన్నదో నాకు తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. నేను దువ్విన తల అది. నాకు ఒక గది దయచేస్తోంది, సెలవులకు.

"చూద్దాంలేమ్మా," అన్నాను.

ఇక్కడ మా ఇళ్లలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఇల్లు కొనేవాళ్లు బయానా ఇవ్వకముందు, వాళ్ల ఆడవాళ్లలో పెద్దామె ఒక రాత్రి ఆ ఇంట్లో నిద్ర చేయాలి. పొద్దున లేచి, ముఖం కడగకముందే, వచ్చిన కల ఏదో చెప్పాలి. నీళ్లో, పచ్చని చెట్టో, పసిపిల్లో కనబడితే కొంటారు. చెడ్డ కల వస్తే వదిలేస్తారు. ఏ కలా రాకపోతే ఇంటికి అభ్యంతరం లేదన్నట్టే. ఈ కాలంలో కూడానా అనకండి. ఫోన్‌లో ఫొటోలు చూసి, బ్యాంకులో లోన్ కనుక్కుని, లాయరుకు కాగితాలు చూపించి, ఆఖరున పెద్దామెను చాప మీద పడుకోబెట్టే వాళ్లం మేము. మా అమ్మ లేదు, మరిదికీ తల్లి లేదు కాబట్టి పెద్దామెను నేనే.

"వదినా, నువ్వు ఒక రాత్రి నిద్ర చేసినావంటే మాకు ధైర్యం," అన్నాడు మరిది. పక్కింటామెతో మాట్లాడి చాప, దుప్పటి, నీళ్ల చెంబు అన్నీ తానే తెచ్చి పెట్టాడు.

ఆ రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు. పడుకోగానే నిద్ర పట్టేసింది. దోమ లేదు, చెమట లేదు, ఒక్క కల లేదు. పెళ్లయినప్పటి నుంచి నేను అంత నిద్ర పోయి ఉండను. తెల్లవారి కళ్లు తెరిస్తే కిటికీ నిండా నీళ్ల వెలుతురు. నేను ఇంకా లేవనే లేదు, బయట మరిది గొంతు వినబడింది. పక్కింటామెతో అంటున్నాడు, "ఈడ పిల్లోళ్లకు ఒక ఉయ్యాల కడతాం. ఆడ కోళ్లగూడు." చెల్లెలు వాకిలి పక్క కిటికీ అవతల నిలబడి, పరదా గుడ్డ ఎంత పడుతుందో జానలతో కొలుస్తోంది. ఒకటి, రెండు, మూడు. కొలుస్తూ తనలో తాను నవ్వుకుంటోంది.

ఆ నవ్వు చూసి నాకు కళ్లు కుట్టాయి. ఇంతకంటే మంచి మాట దొరకడం లేదు.

లేచి తలుపు తీశాను. చెల్లెలు చేతిలో టీ గ్లాసుతో మెట్టు మీద నిలబడి ఉంది. మరిది చెప్పులు విడిచి, దర్గా ముందర నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కల రాలేదు, కొనుక్కోండి. రెండు మాటలు. అవి చెప్పేస్తే అయిపోయేది.

"అమ్మ కనబడింది," అన్నాను.

చెల్లెలు గ్లాసు మెట్టు మీద పెట్టేసింది.

"ఇదో, ఈ వాకిట్లోనే నిలబడింది. నువ్వు లోపలికి పోబోతే చేయి అడ్డం పెట్టింది. మాట్లాడలేదు. వద్దన్నట్టు తల ఊపింది."

ఎంత నున్నగా వచ్చాయో ఆ మాటలు. ముందుగా అనుకున్నది కూడా కాదు. పామునో దున్నపోతునో చూశానని చెప్పి ఉంటే, మా మరిది ఏ మౌలానానో అడిగి దానికి విరుగుడు చేయించేవాడు. అమ్మ అన్నాక ఎవరు మాట్లాడతారు. అది నా నోటికి తెలిసినట్టుంది.

చెల్లెలు చాలాసేపు వాకిలి వైపే చూసింది. ఏడవలేదు. మరిది వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

"సరే వదినా. అమ్మ వద్దంటే వద్దు. మన మేలు కోరే కదా చెప్తాది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మేం చింతచెట్ల కింద ఉగ్గాని తింటుండగానే, గట్టు మీది మిద్దె అమ్ముడుపోయిందని మైకులో చెప్పారు. నంద్యాల నుంచి వచ్చిన టీచర్లట, మొగుడూ పెళ్లాలిద్దరూ. జనం చప్పట్లు కొట్టారు. మా చెల్లెలు కూడా కొట్టింది. నేను బజ్జీ ఇంకొకటి వేయించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు బాధ లేదు. కడప బస్సులో కూర్చున్నాక, నాకు లేని ఇల్లు దానికీ లేదు, ఇక ఇద్దరం సమానం అనుకున్నాను. అలా అనుకున్న మనిషిని నేనేనని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ ఏడాది చెల్లెలు వారానికి ఒకసారి ఫోన్ చేసేది. పిల్లల సంగతులు, ఎండల సంగతులు అన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేసే ముందు అడిగేది.

"అక్కా, అమ్మ ఏ చేయి అడ్డం పెట్టింది?"

"కుడి చేయి."

ఇంకో వారం, "గాజులు ఉన్నాయా?" అని. మరో వారం, "తల మీద కొంగు ఉన్నిందా?" అని. పోలీసు ప్రశ్నల్లా ఉండేవి నాకు. దానికి అనుమానం వచ్చింది, నా మాటల్లో తేడా పట్టుకోవాలని చూస్తోంది అనుకున్నాను. చెప్పినవి మర్చిపోకుండా గుర్తు పెట్టుకునేదాన్ని. కుడి చేయి, ఆకుపచ్చ గాజులు, తల మీద కొంగు. ఆఫీసు ఫైలు కూడా అంత జాగ్రత్తగా చూడలేదు నేను.

పోయిన ఎండాకాలం మళ్లీ పిలిచింది. "ఈసారి కూడా పోదామక్కా." మరిదికి లోడు ఉందట, మేమిద్దరమే బస్సులో పోయాం. నాకు లోపల బెదురుగానే ఉంది. కానీ రానంటే అనుమానం ఇంకా పెరుగుతుందని పోయాను.

గట్టు మీది ఇల్లు దూరం నుంచే కనబడింది. టీచర్లు దానికి గులాబి రంగు వేశారు. మంచి రాతి గోడకు రంగు వేస్తారా ఎవరైనా. వాకిట్లో ఉయ్యాల కూడా కట్టారు. వాళ్ల పిల్ల దాంట్లో ఊగుతుంటే, ఏడెనిమిదేళ్ల పిల్ల మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. నా రోగం నాదే.

చెట్ల కింద ఉగ్గాని పొట్లాలు విప్పుకుని కూర్చున్నాం. చెల్లెలు తినలేదు.

"అక్కా, ఒక మాట చెప్తా. కోప్పడొద్దు."

"చెప్పు."

"ఆ పొద్దు నుంచి నీ మీద నాకు శానా కుళ్లుగా ఉండాది."

అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాను.

"ఇంటి గురించి కాదులే," అంది అది. "ఇల్లు యాడైనా దొరుకుతాది. నాకు అమ్మ ఒక్కసారి కూడా కల్లోకి రాలేదక్కా. పెండ్లికి ముందు రాలేదు, పిల్లోళ్లు పుట్టినప్పుడు రాలేదు. కడప దర్గాలో ఎన్ని రాత్రులు నిద్ర చేసినానో నీకు తెలీదు, నీకు చెప్పకుండా వచ్చి పోయేదాన్ని. అమ్మను ఒక్కసారి చూపించమని అడిగేదాన్ని. నీకేమో అడగకుండానే వచ్చినాది. అందుకే అన్నిసార్లు ఫోన్ చేసి అడిగింది. నీ కల్లో నుంచైనా కొంచెం చూద్దామని."

అది పక్కనున్న గుడ్డ సంచి దగ్గరికి లాక్కుంది. లోపల మడత పెట్టిన దుప్పటి కనబడింది.

"ఆ టీచరమ్మను అడిగినా. ఈ రాత్రికి వాళ్లింట్లో పండుకోనిస్తానన్నాది. అమ్మ ఆ ఇంటికి వస్తాది కదా. నేనూ ఒక రాత్రి ఉండి చూస్తా."

"పిచ్చి పట్టిందా నీకు. పరాయి వాళ్ల ఇంట్లో," అన్నాను. నోటి దాకా వచ్చింది, అమ్మ లేదు, కల లేదు, అంతా నా కుళ్లు అని. చెబితే ఆ ఇంటితో పాటు అమ్మ కూడా పోతుంది దానికి. ఇది దాని మంచి కోసమే అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నాకు భయం వేసింది, అంతే.

నేను ఆ రాత్రి పక్కింటామె దగ్గర పడుకుని, పొద్దున్నే పోయి ఆ ఇంటి మెట్టు మీద టీ గ్లాసుతో నిలబడ్డాను. చెల్లెలు లోపల నుంచి లేచి వచ్చింది. రేగిన జుట్టు, ఉబ్బిన కళ్లు. ముఖం కడగకముందే చెప్పాలి కాబట్టి చెప్పింది.

"రాలేదక్కా. తలుపు దగ్గరికేసుకోను కూడా లేదు, రాత్రంతా తీసే పెట్టినా." మెట్టు మీద కూలబడింది. "నన్ను గుర్తుపట్టలేదేమో. రెండేండ్ల పిల్లను చూసి పోయినాది కదా. ఇంత పెద్దదాన్ని అయితే ఎట్ల తెలుస్తాది."

టీ అందుకోలేదు. అడిగింది, "ఒక్క ఫొటో కూడా ల్యాకపాయె. ఎట్లుంటాది అక్కా, అమ్మ ముఖం?"

మా నాన్న బతికి ఉండగా ఒకసారి, చెల్లెలు నీళ్లబిందె ఎత్తుకుని వస్తుంటే చూసి, నాతో అన్నాడు, అచ్చం మీ అమ్మే నడిచొస్తాండాది అని. నిజమే. ఆ కళ్లు, ఆ చిన్న నుదురు, నవ్వితే ఒక పక్కకు పోయే పెదవి. నేను నాన్న పోలిక. అమ్మ ముఖం కూడా దానికే ఎందుకు దక్కాలని, ఆ మాట ఇన్నేళ్లూ దానికి చెప్పకుండా దాచుకున్నాను.

"నీ మాదిరే ఉంటాది," అన్నాను. "అచ్చం నువ్వే."

చెల్లెలు నా వైపు చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, సంచిలోంచి ఫోన్ తీసింది. కెమెరా తన వైపు తిప్పుకుని, మెల్లగా తల మీదికి కొంగు లాక్కుని, అలా చూస్తూ కూర్చుంది.